గరగర డాక్టరు శుభ్రం చేసిన పాట

మా బావని వీధిలో అందరూ గరగర డాక్టరు అంటారు. ఆయన ఏ డాక్టరు చదువూ చదవలేదు. మైకుల్లో, స్పీకర్లలో, పాత క్యాసెట్లలో వినిపించే గరగరని పట్టుకుని పీకి పారేస్తాడు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. ముప్పై ఏళ్లుగా అదే చేసి ఇల్లు నడిపాడు, చివరికి అదే చేసి కొంప ముంచుకున్నాడు. ఆయనంటే నాకు ప్రేమ లేక కాదు, ఈ మాట అనకుండా ఉండలేక అంటున్నాను.

నేను ఆయన బావమరిదిని, హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. సాయంత్రం బడి వదిలాక వాళ్ల దుకాణంలో కూర్చుని టీ తాగడం, బావని ఏడిపించడం నా దినచర్య. ముందు గదిలో మూతలు విప్పిన యాంప్లిఫయర్లు, చిరిగిన స్పీకర్లు, ఎప్పుడూ టంకం వాసన. వెనక గదిలో రికార్డింగు. ఆ గది గోడలకి పాత పరుపులు నిలబెట్టి మేకులు కొట్టాడు, తలుపు సందుల్లో దూది కుక్కాడు. మధ్యలో ఒక మైకు, ఒక కుర్చీ. మూలన కంప్యూటరు, దాని ముందు చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని మా బావ. ఆ గదిలో కూర్చుంటే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. ఐదు నిమిషాలు దాటితే నాకు భయం వేస్తుంది.

సభల ఉపన్యాసాలు, వేలం ప్రకటనలు, కొత్త దుకాణాల ప్రచారం, అన్నీ ఆ గదిలోనే తయారయ్యేవి. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఆడగొంతు కూడా అక్కడిదే. అది మా అక్క గొంతు. ఇంట్లో మా అక్క భోజనానికి పిలిస్తే బ్యాగు సర్దుకుని లేవాలనిపిస్తుందని బావ అనేవాడు. మా అక్క మాత్రం ఆ జోకుకి ఎప్పుడూ నవ్వేది కాదు. "అది నా గొంతేం కాదు. నా గొంతుని ఉతికి ఇస్త్రీ చేశాడు మీ బావ" అనేది నాతో.

నిజంగానే ఆయన పని ఇస్త్రీ పని. రికార్డు చేసింది మొదట ఒకసారి ఆసాంతం వింటాడు. ఒక కాగితం తీసుకుని ఎక్కడ దగ్గు వచ్చింది, ఎక్కడ ముక్కు ఎగబీల్చారు, ఎక్కడ గొంతు జీరబోయింది, నిమిషాలు సెకన్లతో సహా రాసుకుంటాడు. ప్రతి దాని పక్కనా "తీసెయ్యాలి" అని రాస్తాడు. తర్వాత ఒక్కొక్కటే తీసేస్తాడు. రెండు మాటల మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా ఉంచడు. "వినేవాడికి మాటే వినపడాలిరా, మాట్లాడేవాడు బతికున్నాడా లేదా వాడికెందుకు?" అనేవాడు. అప్పుడు నవ్వాను.

ఆయనకి ఇంకో నియమం ఉంది. అది కూడా చెప్పాలి, ఎందుకంటే మా కథంతా దాని మీదే నిలబడింది. క్యాసెట్ల రోజుల్లో ఒక పెద్ద అధికారి ఉపన్యాసం రికార్డు చేశాడు. ఆ మనిషి మధ్యమధ్యలో తడబడి తన గుమాస్తాని నానా మాటలూ అన్నాడు. బావ అవన్నీ తీసేసి శుభ్రమైన క్యాసెట్టు తయారు చేశాడు. చేసి, పొరపాటున మొదటి క్యాసెట్టు ఇచ్చి పంపాడు. వెయ్యి మంది సభలో ముందు క్రమశిక్షణ గురించి ఉపన్యాసం, వెంటనే గుమాస్తా వంశం మొత్తానికి తిట్లు. నాలుగు నెలలు దుకాణం గడప ఎవరూ తొక్కలేదు. ఆ రోజునుంచి ఒకటే పద్ధతి. శుభ్రం చేసింది చేతికి ఇచ్చే లోపే అసలుది చెరిపేస్తాడు. చెరపడమే కాదు, దాని మీద ఇంకొకటి రికార్డు చేస్తాడు, మళ్లీ ఎప్పటికీ లేవకుండా.

ఆయనకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు ఆసుపత్రి రెండో అంతస్తులో ఏడిస్తే కింద సైకిళ్ల స్టాండు దాకా వినిపించింది. నేనే 'సైరన్' అని పేరు పెట్టాను. అసలు పేరు స్కూలు రిజిస్టరులో ఉంది, ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు.

సైరన్‌కి పదహారేళ్లు నిండేసరికి కుడి కన్ను కనపడకుండా పోయింది. జుట్టు నల్లగా నిటారుగా దువ్వి కంటి మీదకి వేసుకునేది. నల్ల చొక్కా, కాళ్లకి అతుక్కుపోయే నల్ల ప్యాంటు, కళ్ల చుట్టూ దట్టంగా కాటుక, చేతిలో గిటారు. తనే పాటలు రాసుకుని పాడేది. మా అక్క పిన్నులు పట్టుకుని వెంటపడేది. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "మీ మేనకోడలు ఒంటి కంటితోనే చదువుతుందా మాస్టారూ?" అన్నాడు. "రెండో కన్ను మీ కోసం దాచిపెట్టిందండీ" అన్నాను. ఆయనకి నచ్చలేదు. ఆ పై వారం బడి గోడకి జుట్టు గురించి ఒక నోటీసు అంటించారు.

ఆ నోటీసు చూసొచ్చిన సాయంత్రమే దుకాణంలో నేను దాన్ని నిలదీశాను.

"ఏంటే నీ గోల? ఎవరైనా చచ్చిపోయారా, ఈ నలుపేంటి?"

"ఎమో మామయ్యా. అది ఒక రకం సంగీతం" అంది.

ఆ పేరు మీద మన భాషలో వెయ్యదగ్గ జోకులన్నీ మా బావ మొదటి వారంలోనే వేసేశాడు. వాటిని ఇక్కడ రాసి కాగితం పాడు చెయ్యను.

"సంగీతానికి జుట్టుతో పనేముంది?"

"ఏం లేదు. జుట్టు చాలా తర్వాత వచ్చింది. అందరూ జుట్టే చూస్తారు, నీలాగే" అని గిటారు కింద పెట్టి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "నలభై ఏళ్ల కిందట మామయ్యా, ఏదో దేశం రాజధానిలో కుర్రాళ్లు పెద్దపెద్దగా, వేగంగా వాయిస్తూ అరిచేవాళ్లు. ప్రభుత్వం మీద, పోలీసుల మీద, ప్రపంచం మీద కోపం. ఆ హాళ్లలో కొట్టుకునేవాళ్లు కూడా. కొన్నాళ్లకి వాళ్లలోనే కొందరికి విసుగొచ్చింది. ఎంతసేపూ ఎదుటివాణ్ణి తిట్టడమేనా అనిపించింది. ఒక ఎండాకాలంలో కొత్త బ్యాండ్లు పెట్టారు. అదే చప్పుడు, అదే అరుపు, కానీ ఇప్పుడు తమ గురించి. స్నేహితుడు వదిలేసి వెళ్లాడని, భయమేస్తోందని, తప్పు చేశానని. పాడుతూ పాడుతూ స్టేజి మీదే ఏడ్చేసేవాళ్లు."

"ఏడ్చేవాళ్లని చూడటానికి టిక్కెట్టా?"

"అప్పుడూ నీలాంటివాళ్లు ఉన్నారు. వాళ్లే ఎక్కిరించడానికి, 'ఎమోషనల్' గాళ్లు అన్నారు. అదే కురచ చేస్తే ఎమో. ఆ పాడినవాళ్లకే ఆ పేరు నచ్చలేదు. మేం అది కాదు మొర్రో అన్నారు. అయినా అంటుకుపోయింది. తర్వాత చిన్న ఊళ్లకి పాకింది, ఇళ్ల కింది గదుల్లో ముప్పై మంది ముందు వాయించుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడో టీవీలోకి వచ్చింది. అప్పుడొచ్చాయి ఈ జుట్టూ, కాటుకా. బట్టలు చూసి నవ్వేవాళ్లు నవ్వారు, పిల్లలు చెడిపోతున్నారని భయపడేవాళ్లు భయపడ్డారు."

"మరి నువ్వెందుకు పాడుతున్నావు? నీకేం కష్టం వచ్చింది?"

"కష్టం ఉంటేనే పాడాలని కాదు మామయ్యా. ఇంట్లో అందరూ 'ఏమైంది?' అని అడుగుతారు. 'ఏం లేదు' అంటే చాలు, వెళ్లిపోతారు. పాటలో 'ఏం లేదు' అనక్కర్లేదు." తర్వాత తండ్రి వైపు తిరిగి గట్టిగా అంది, "నాన్నా, నువ్వూ విను. ఇందులో గొంతు పగిలితే తప్పు కాదు. పగిలిన చోటే పాట."

బావ తలూపాడు. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఏం విన్నాడో ఆయనకే తెలియాలి.

దాని పాటలు నాకు నచ్చేవి కావు. ఇప్పుడు నచ్చేవని చెబితే అబద్ధం. ముందు గొణుక్కున్నట్టు మొదలై, ఉన్నట్టుండి ఒక కేక. గుండెలో పిడికిలితో గుద్దినట్టుండేది. నేను జేబులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకుంటున్నట్టు నటించేవాణ్ణి. అది నవ్వేది.

ఆ కేక వేస్తున్నప్పుడే ఒక రోజు మా అక్క దాని మెడ మీద చిన్న ఉబ్బు గమనించింది. ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. గడ్డ తీసెయ్యాలన్నారు. ఆపరేషన్ చేసే డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద గొంతు బొమ్మ గీసి చెప్పాడు. "గొంతుకి పోయే నరం గడ్డని ఆనుకునే ఉంది. జాగ్రత్తగానే చేస్తాం. కానీ గొంతు ఇలాగే ఉంటుందని మాటివ్వలేను."

సైరన్ ఆ బొమ్మనే చూస్తూ, "ఎప్పుడు?" అంది. సోమవారమన్నారు.

శనివారం మధ్యాహ్నం అది తండ్రి దగ్గరికొచ్చి, "నాన్నా, నా నాలుగు పాటలు రికార్డు చేసిపెట్టు. ఒకవేళ..." అంది. ఆ మాట పూర్తి చేయనివ్వలేదు బావ. ఉన్న పనులన్నీ పక్కన పడేసి మైకు తుడిచాడు, కుర్చీ తుడిచాడు, తుడిచిన కుర్చీ మళ్లీ తుడిచాడు. మా అక్క ఆఫీసులో ఉంది. గదిలో మేం ముగ్గురమే. నేను తలుపు పక్కన పరుపుకి ఆనుకుని కింద కూర్చున్నాను.

మూడు పాటలు నిలబడి పాడింది. నాలుగోది ఆ వారంలో రాసుకున్నదట, నేనెప్పుడూ వినలేదు. మొదటి చరణంలోనే గొంతు వణికింది. రెండో చరణంలో కేక వెయ్యాల్సిన చోట కేక సగంలో చీలింది. ఆపలేదు. ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, మళ్లీ అదే చోట మొదలుపెట్టింది. నేను చూడలేకపోయాను. ఫోను మోగినట్టు నటించి లేచి బయటికొచ్చేశాను. వీధిలో నిలబడి, ఎవరూ లేని ఫోనులో, "ఆ, ఆ, చెప్పండి" అంటూ ఉండిపోయాను. వెనక తలుపు మూసుకుంది. దూది కుక్కిన తలుపు కదా, లోపలి చప్పుడు ఇంక నాకు వినపడలేదు.

ఆపరేషన్ అయింది. గడ్డలో చెడు ఏమీ లేదన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. పది రోజులు గొంతు వాడొద్దని దానికి ఒక పలకా సుద్దముక్కా ఇచ్చారు. ఆ రోజుల్లో మేం వంతులవారీగా ఆసుపత్రిలో ఉండేవాళ్లం. తన వంతు కానప్పుడు బావ దుకాణంలో ఆ నాలుగు పాటల మీదే కూర్చున్నాడు. తిండి ధ్యాస లేదు. నేను క్యారియరు తీసుకెళితే, "ఉండరా, ఇంకో ఊపిరి ఉంది" అనేవాడు. ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడాడు. ఆసుపత్రిలో ఆయన చెయ్యగలిగింది ఏముంది, బెంచీ మీద కూర్చోవడం తప్ప?

అది ఇంటికొచ్చిన రోజు దుకాణంలోనే పెద్ద స్పీకరు పెట్టాడు. కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, మా అక్కనీ నన్నూ పిలిచి, మీట నొక్కాడు.

ఎంత చక్కని గొంతు! తడబాటు లేదు, జీర లేదు. ఒక్కొక్క మాట కడిగిన గ్లాసులా ఉంది. కేకలు ఉన్నాయి, కానీ మర్యాదగా ఉన్నాయి. నాలుగో పాట అయితే జోలపాటలా సాగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. "ఇన్నాళ్లకి పాటలా ఉందే సైరనూ!" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అది పలక తీసుకుని రాసింది: "ఎవరిది?"

బావ నవ్వాడు. "నీదే తల్లీ. మూడు రోజులు పట్టింది."

అది చెరిపి మళ్లీ రాసింది: "నాది ఇవ్వు."

బావ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. మా అక్క ఆయన వైపు చూసింది. ఆ పద్ధతి ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. సైరన్ పలకని తండ్రి ముఖానికి దగ్గరగా జరిపింది, చదవలేదేమో అనుకుని.

"చెరిపేశానమ్మా" అన్నాడు. "అలవాటు... చేతికి అలవాటైపోయింది."

మర్నాడే కంప్యూటర్ని ఒళ్లో పెట్టుకుని, అందులో చెరిగిపోయినవి వెతికిపెట్టే మనిషి దగ్గరికి వెళ్లాం. ఆయన రెండు రోజులు చూశాడు. "చెరిపిందైతే తేవచ్చు సార్. చెరిపి దాని మీద ఇంకోటి ఎక్కిస్తే ఎక్కణ్ణుంచి తెస్తాం? పాత లారీల వేలం ప్రకటన మాత్రం చాలా స్పష్టంగా ఉంది" అన్నాడు. బావ ఆయనకి దండం పెట్టి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుండిపోయాడు. మా బావని ఏడిపించడమే పనిగా పెట్టుకున్న నేను ఆ రోజు కంప్యూటర్ని ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

పది రోజులు పోయాయి. సైరన్ నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఆరు నెలలు చూద్దామన్నారు. ఆరు నెలలూ మా అక్క రోజూ పొద్దున్నే, "ఏదీ, ఒకసారి పిలు" అని అడిగేది. "అమ్మా" అని గాలిలో ఒక రూపం వచ్చేది, అంతే. డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, మాట పలికించే రెండు పొరల్లో ఒకటి కదలడం లేదన్నాడు. "ఇంకో చిన్న వైద్యం ఉంది. మాట కాస్త గట్టిపడుతుంది. పాట మీద మాత్రం ఆశ పెట్టుకోకండి." కోప్పడదామంటే ఆయన ముందే చెప్పాడు, జాగ్రత్తగానే చేశాడు. కోప్పడటానికి కూడా మాకు మనిషి మిగల్లేదు.

సైరన్ గిటారు ముట్టుకోలేదు. జుట్టు వెనక్కి దువ్వి పిన్ను పెట్టుకుంది. మా అక్క అన్నాళ్లు పోరింది దానికోసమే. ఆ పిన్ను చూసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

దుకాణంలో కాగితాలు సర్దుతూ ఒక మధ్యాహ్నం సైరన్‌కి ఆ కాగితం దొరికింది. తండ్రి చేతిరాత. పైన 'అమ్మాయి పాటలు' అని ఉంది. కింద నలభై మూడు లైన్లు. నేను అక్కడే ఉన్నాను, దాని భుజం మీదుగా చదివాను. "మొదటి పాట, ఒకటి నలభై: జీర. తీసెయ్యాలి." "మూడో పాట, రెండు పది: నవ్వింది. తీసెయ్యాలి." "నాలుగో పాట, ఒకటి ఇరవై: గొంతు పగిలింది. తీసెయ్యాలి." "ఒకటి ముప్పై ఐదు: ఏడుపు, పొడుగ్గా. తీసెయ్యాలి." అది వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదువుకుంటూ పోయింది, పెదాలు కదుపుతూ. దాని గొంతు గురించి ఈ లోకంలో మిగిలిన రాత అదొక్కటే.

చివరి లైను దగ్గర వేలు ఆగింది. "నాలుగో పాట అయ్యాక ఏదో అంది. తీసెయ్యాలి."

కాగితం తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టింది. గాలి గొంతుతో, "ఏమన్నాను?" అంది.

బావ చాలాసేపు ఆ లైను చూశాడు. "నీకు గుర్తులేదా అమ్మా?"

"లేదు. ఆ రోజు నాకు ఏమీ గుర్తులేదు. ఏమన్నాను నాన్నా?"

"నేను..." అన్నాడు. "నేను మాట వినలేదమ్మా. చప్పుడు విన్నాను. పాట అయిపోయాక చప్పుడు కదా అని..."

అప్పుడది నా వైపు తిరిగింది. రెండు కళ్లతోనూ చూసింది. "మామయ్యా, నువ్వున్నావు కదా. నేనేమన్నాను?"

అబద్ధం చెప్పొచ్చు. 'నాన్నా, థాంక్స్' అన్నావనో, 'భయంగా ఉంది' అన్నావనో చెప్పొచ్చు. నమ్మేది. పిల్లలకి లెక్కలు చెప్పే నోటికి ఆ సమయంలో అబద్ధం కూడా రాలేదు.

"నేను లేనే" అన్నాను. "చూడలేక బయటికెళ్లిపోయాను. ఫోను కూడా రాలేదు సైరనూ."

అరుస్తుందేమో అని ఎదురుచూశాను, అరిస్తే బాగుండుననిపించింది. అరవడానికి దానికేముంది? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గిటారు పెట్టె తెరిచి, తీగల కింద పెట్టి మూసేసింది.

ఇప్పుడు మా బావ రికార్డింగులు తీసుకోవడం లేదు. వచ్చినవాళ్లని ఇంకో దుకాణానికి పంపేస్తున్నాడు. ముందు గదిలో స్పీకర్లు మాత్రం బాగు చేస్తాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి వెనక గదిలో ఉంటాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని. ఆ శుభ్రం చేసిన నాలుగు పాటల్ని ఒక్కొక్క సెకనూ వింటున్నాడు. తను తియ్యడం మరిచిపోయిన ఊపిరి ఒకటైనా ఉంటుందని, ఎక్కడో ఒకచోట చెయ్యి జారి ఉంటుందని, ఒక చిన్న వెక్కు అయినా వదిలేసి ఉంటానని వెతుకుతున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఎన్నో పనుల్లో ఏదో ఒకటి వదిలేసిన సందర్భాలున్నాయి, అవి నాకు తెలుసు, వాటి మీద ఏడిపించాను కూడా. కానీ ఇది కూతురి పని. ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశాడు.

సైరన్ టీ తెచ్చి ఆయన పక్కన పెట్టి, "దొరికిందా?" అని అడుగుతుంది. హెడ్‌ఫోన్లు ఉంటే ఆ గొంతు ఆయనకి వినపడదు. అందుకని ఇప్పుడు టీ వాసన తగిలిందో లేదో, హెడ్‌ఫోన్లు తీసి చేత్తో పట్టుకుంటాడు.

"లేదమ్మా" అంటాడు.

మొన్నటికి మూడో పాట పూర్తయింది. ఇంతవరకు ఒక్క తప్పూ దొరకలేదు.